నాన్న కంచంలో ఎడమ సగం ఎందుకు మిగిలిపోతోంది?

దర్జీ గారమ్మాయి | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది తణుకు. నాన్నకు 66 ఏళ్లు. నలభై ఏళ్లకు పైగా దర్జీ పని చేశారు. ఆరు వారాల కిందట తెల్లవారుజామున పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మెదడు కుడి సగానికి వెళ్లే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందనీ, పెరైటల్ అనే భాగం ఎక్కువగా దెబ్బతిన్నదనీ స్కాన్ చూసి చెప్పారు. కాలు ఇప్పుడు కొద్దిగా కదులుతోంది. మాట బాగుంది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. ఎవరు ఎంత బాకీయో పైసలతో సహా చెబుతున్నారు.

నేను అడగాలనుకున్నది వేరే సంగతి. మొన్న మధ్యాహ్నం అన్నం పెట్టాను. కంచంలో కుడివైపు పప్పన్నం, ఎడమవైపు బెండకాయ వేపుడు. వేపుడంటే ఆయనకు ప్రాణం. పప్పన్నం తిన్నారు. గీత గీసినట్టు సరిగ్గా కంచం మధ్యలో ఆగిపోయి, ‘కూర వెయ్యలేదేమమ్మా?’ అన్నారు. నేనేమీ అనకుండా కంచాన్ని సగం తిప్పాను. ‘ఆ, ఇప్పుడు వేశావు’ అని తినేశారు.

గడ్డం తనే గీసుకుంటారు, ఎడమ చెంప అలాగే ఉండిపోతుంది. చొక్కా కుడి చేతికి తొడుక్కుని, అయిపోయిందన్నట్టు కూర్చుంటారు. పేపర్లో పెద్ద అక్షరాలతో ‘అన్యాయం’ అని ఉంటే ‘న్యాయం’ అని చదివి, ‘పోనీలే, మంచిదే’ అన్నారు.

అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన తెలుగు కాగితంలో ‘ఎడమవైపు నిర్లక్ష్యం’ అని రాసి ఉంది. అది చదివినప్పటి నుంచి అమ్మ ఆయన్ను కసురుతోంది. ‘కాస్త శ్రద్ధ పెడితే కనిపించదా?’ అంటుంది. నాన్న బిత్తరపోయి చూస్తారు. ఆ మనిషి జీవితంలో ఒక్క కుట్టు కూడా నిర్లక్ష్యంగా వెయ్యలేదు. ఇది నిజంగా ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

వేపచెట్టు నీడ | ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మీ నాన్నగారి వయసులో ఇది కంటి సమస్యే అయి ఉంటుంది. నాకు శుక్లం ముదిరినప్పుడు ఒక పక్క మసకబారి గడపలు తట్టుకునేవాణ్ణి. ఆపరేషన్ అయ్యాక తేటగా కనిపించింది. ముందు మంచి కళ్ల డాక్టరుకు చూపించండి. మెదడు అనుకుని బెంగపడకండి.

నాడి చూసే చెయ్యి | సోమవారం, ఉదయం 6:15

న్యూరాలజీలో పీజీ చేస్తున్నాను. రాత్రి డ్యూటీ దిగి రాస్తున్నాను, కాస్త పొడవైతే క్షమించండి.

కళ్లు చూపించడం మంచిదే, తప్పక చూపించండి. అయితే మీరు చెప్పినవన్నీ చూస్తే ఇది కంటి జబ్బులా లేదు. తెలుగులో ‘దృష్టి’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి: చూపు, ధ్యాస. మీ నాన్నగారికి చూపు ఉండి ఉండవచ్చు. ఎడమవైపుకు ధ్యాస వెళ్లడం లేదు. మేము దీన్ని నెగ్లెక్ట్ అంటాం. దానికి నిఘంటువు తీసి ‘నిర్లక్ష్యం’ అని రాసినవారు ఎంత కీడు చేశారో మీ ఇంట్లో చూస్తూనే ఉన్నారు. నిర్లక్ష్యం అంటే తెలిసి కూడా పట్టించుకోకపోవడం. ఇక్కడ తెలియడమే లేదు. నేనైతే రోగి ఇంటివాళ్లకు ‘ఎడమ ఎరుక పోయింది’ అని చెబుతాను. ఆ మాట విన్నాక ఎవరూ రోగిని కసరగా నేను చూడలేదు.

చూపు లోపానికీ దీనికీ తేడా పట్టుకునే దారి ఒకటుంది. చూపులోనే ఎడమ సగం పోయినవాడికి కొన్నాళ్లకు ఆ లోటు తెలిసిపోతుంది. తల తిప్పి వెతుక్కుంటాడు. ఎరుక పోయినవాడు వెతకడు. లేనిదని తెలియనిదాన్ని ఎలా వెతుకుతాడు? కొందరికి రెండూ కలిసే ఉంటాయి. అందుకే పరీక్ష చేయాలి.

ఇంట్లోనే ఇలా చూడండి. ఆయనకు ఎదురుగా కూర్చుని మీ ముక్కు వైపే చూడమనండి. మీ రెండు చేతులూ పక్కలకు చాచి, ముందు ఆయన ఎడమవైపు వేలు ఒక్కటే ఆడించండి. తర్వాత కుడివైపుది ఒక్కటే. ఆ తర్వాత రెండూ ఒకేసారి. ఎడమ వేలు ఒక్కటే కదిలినప్పుడు కనిపించి, రెండూ కదిలినప్పుడు కుడిది మాత్రమే కనిపిస్తే, కన్ను పనిచేస్తున్నట్టే. కుడివైపు పోటీ ఉన్నప్పుడు ఎడమది ధ్యాసలోంచి జారిపోతోందన్నమాట.

దర్జీ గారమ్మాయి | సోమవారం, రాత్రి 8:40

డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఎడమ వేలు ఒక్కటే ఆడిస్తే అయిదింటికి నాలుగుసార్లు కనిపెట్టారు. రెండూ ఆడిస్తే అయిదుసార్లూ ‘కుడిది’ అన్నారు. ఒళ్లు జలదరించింది. అదే వేలు, అదే చోటు.

ఇంకొకటి కూడా చేశాను. పాత పాప్లిన్ ముక్క బల్ల మీద పరిచి, సుద్దతో అడ్డంగా పన్నెండు అంగుళాల గీత గీసి, నడుమ గుర్తు పెట్టమన్నాను. నాన్న కంటితోనే నడుమ పట్టే మనిషి. టేపు పెట్టేది గిరాకీ నమ్మకం కోసమే. సుద్ద చేతికి తీసుకోగానే వేళ్లు పాత పద్ధతిలోనే పట్టుకున్నాయి. గుర్తు పెట్టారు. టేపు పెట్టి చూస్తే ఎడమ కొస నుంచి ఎనిమిదిన్నర దగ్గర పడింది.

నేను రెండు కొసలూ కలిపి బట్ట మడిచి చూపించాను. మడత ఎక్కడ పడిందో వేలితో తడిమారు. తన గుర్తును తడిమారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘బట్ట సాగిందేమో’ అన్నారు.

అమ్మ పక్కనే ఉంది. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. రాత్రి కంచం తనే తిప్పింది, ఒక్క మాట అనలేదు.

నాడి చూసే చెయ్యి | సోమవారం, రాత్రి 11:30

అమ్మా, ‘బట్ట సాగిందేమో’ అన్నది అబద్ధం కాదు, బుకాయింపూ కాదు. లోపం తెలియకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే కావచ్చు. ఎడమ చెయ్యి పడిపోయినా ‘నా చేతికేమీ కాలేదు’ అనే రోగుల గురించి ఫ్రాన్సులో బబిన్‌స్కీ అనే వైద్యుడు 1914లోనే ఆ స్థితికి పేరు పెట్టి చెప్పారు. మెదడు తనకు తెలిసినంతలో ఒక కారణం అల్లుకుంటుంది.

మీరు చేసిన గీత పరీక్షే మేము వార్డులో కాగితం మీద చేస్తాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా అచ్చంగా నడుమ పెట్టరు, వెంట్రుకవాసి ఎడమకు పెడతారు. కుడి మెదడు మామూలుగా ధ్యాసను కొంచెం ఎడమకు లాగుతుందని దాన్నిబట్టి అనుకుంటారు. ఆ లాగే చెయ్యి ఇప్పుడు లేదు.

పెరైటల్ భాగం ఎక్కడంటే, చెవికి పైన కాస్త వెనుకగా, నడినెత్తి దాకా. కన్ను, చర్మం, కండరాలు, చెవిలోని తూకం చెప్పే అవయవం పంపే కబుర్లన్నీ అక్కడ కలుస్తాయి. ‘ఏది ఎక్కడుంది, నేను దానికి ఎటువైపున్నాను, ఇప్పుడు ఎటు చూడాలి’ అన్న లెక్క అక్కడ నడుస్తుంది.

కుడి మెదడు దెబ్బతింటేనే ఇది ఎందుకు ఇంత గట్టిగా వస్తుందని అడుగుతారు. మెసులమ్ అనే న్యూరాలజిస్టు చెప్పిన వివరణ ఇది: ఎడమ మెదడు దాదాపుగా కుడి పక్కనే కాపలా కాస్తుంది, కుడి మెదడు రెండు పక్కలా కాస్తుంది. ఎడమది పోతే కుడిది రెండు వీధులూ చూసుకుంటుంది. కుడిది పోతే ఎడమ వీధికి కాపలాదారే ఉండడు. కిన్స్‌బోర్న్ అనే ఇంకో న్యూరాలజిస్టు వేరే రకంగా చెప్పారు. రెండు సగాలూ తాడు లాగుడు ఆటలా ధ్యాసను చెరోవైపు లాగుతుంటాయి, ఒకటి వదిలేస్తే తాడు మొత్తం రెండోది లాగేవైపు పోతుంది. మీ వేళ్ల పరీక్షలో కనిపించింది ఆ పోటీయే. నా ఉద్దేశంలో రెండు వివరణల్లోనూ నిజం ఉంది.

2002లో కోర్బెటా, షుల్మన్ అనే పరిశోధకులు ఇంకో విషయం కూడా చేర్చారు. మనం కావాలని చూపు తిప్పుకునే ఏర్పాటు ఒకటి మెదడుకు పైభాగాన రెండువైపులా ఉంటుంది. వెనుక నుంచి లారీ హారన్ వినిపించడం లాంటి అనుకోని సంగతి జరిగినప్పుడు చటుక్కున ధ్యాసను లాక్కునే ఏర్పాటు ఇంకొకటి కింది భాగాన, ఎక్కువగా కుడివైపే ఉంటుంది. అది పోవడం వల్ల ఈ రోగులు ఒక పక్కను మరవడమే కాదు, మొత్తం మీద మగతగా, ఇట్టే అలసిపోతూ ఉంటారు. మెదడులో సరిగ్గా ఏ మడత దెబ్బతింటే ఇది వస్తుందన్న దాని మీద మాత్రం మావాళ్లలో ఏకాభిప్రాయం లేదు. 2001లో కార్నాట్ బృందం కణత పైమడత అంది. 2003లో ఇంకో బృందం కాదు, పెరైటల్‌లోని యాంగులర్ మడత అంది.

అక్షరమాల | మంగళవారం, ఉదయం 7:50

కుడి మెదడంటే కళలు, సృజన, ఎడమ మెదడంటే లెక్కలు, తర్కం అని మా పిల్లల బడిలో ఒక శిక్షణలో చెప్పారు. అలాగైతే ఈయనకు కళకు సంబంధించినది పోవాలి కదా?

నాడి చూసే చెయ్యి | మంగళవారం, ఉదయం 8:20

ఆ విభజన నిజం కాదండీ. మాట ఎక్కువమందిలో ఎడమవైపు, ధ్యాసను నలుదిక్కులా పరిచే పని కుడివైపు ఎక్కువగా ఉండటం నిజం. అంతకు మించి ‘కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు’ అంటూ ఎవరూ లేరు.

రంగులగది | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కళ సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. డ్రాయింగ్ నేర్పుతాను. జర్మన్ చిత్రకారుడు ఆంటన్ రాడెర్‌షైట్‌కు 1967లో కుడి మెదడులో పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత తన ముఖాన్నే తాను మళ్లీ మళ్లీ గీసుకున్నారు. మొదటి బొమ్మలో ముఖం కుడి సగమే ఉంది, ఎడమవైపు కాన్వాసు దాదాపు ఖాళీ. నెలలు గడిచేకొద్దీ ఆ ఖాళీలోకి ఒక గీత, తర్వాత ఒక కన్ను, తర్వాత చెంప చేరుతూ వచ్చాయి. వరసగా చూస్తే పొగమంచులోంచి మనిషి నడిచి వస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి నైపుణ్యం ఎక్కడికీ పోలేదు. గీసిన సగం ఎంతో గట్టిగా ఉంది.

మీ నాన్నగారి వేళ్లు సుద్దను పాత పద్ధతిలోనే పట్టుకున్నాయని రాశారు చూడండి, అక్కడ నాకు ఆ బొమ్మలు గుర్తొచ్చాయి.

వేపచెట్టు నీడ | మంగళవారం, సాయంత్రం 5:30

ఒక సందేహం. ఎదురుగా ఉన్న వస్తువు కనిపించకపోతే కంటిదో ధ్యాసదో అని వాదించుకోవచ్చు. కళ్లు మూసుకుని తలచుకునే వాటి మాటేమిటి? జ్ఞాపకంలో కుడి ఎడమలు ఉండవు కదా. అక్కడ కూడా సగం పోతే, నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటాను.

నాడి చూసే చెయ్యి | మంగళవారం, రాత్రి 9:00

పెద్దాయన చాలా మంచి ప్రశ్న వేశారు. సరిగ్గా ఇదే ప్రశ్న ఇటలీలో బిజియాక్, లుజాటి అనే ఇద్దరు వేశారు. 1978లో ఆ వ్యాసం వచ్చింది. మిలాన్ నగరంలో పెద్ద చర్చి ముందు ఒక మైదానం ఉంది, ఊళ్లో ప్రతివాళ్లకూ కంఠతా వచ్చిన చోటు. ఇద్దరు రోగులను ‘మీరు చర్చికి ఎదురుగా, మైదానం అవతలి కొసన నిలబడ్డారనుకోండి, ఏమేం ఉన్నాయో చెప్పండి’ అన్నారు. కుడివైపు కట్టడాలు చెప్పి ఎడమవి వదిలేశారు. తర్వాత ‘ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు తిరిగారనుకోండి’ అన్నారు. అంతకుముందు వదిలేసినవన్నీ చెప్పారు, చెప్పినవన్నీ వదిలేశారు. జ్ఞాపకం మొత్తం ఉంది. దాన్ని మనసులో పరుచుకుని చూసేటప్పుడు ఎడమ సగానికి వెలుతురు అందలేదు.

ఎడమ ఎరుక పోయిన ప్రతివారిలోనూ ఇలా ఉండదు. కొందరికి బయటి ప్రపంచంలోనే, కొందరికి ఊహలోనే, కొందరికి రెండింటిలోనూ.

దర్జీ గారమ్మాయి | బుధవారం, రాత్రి 9:45

నిన్న డాక్టరు గారు రాసింది చదివి రాత్రంతా నిద్రపట్టలేదు. ఈ రోజు సాయంత్రం నాన్న మంచం పక్కన కూర్చుని అడిగాను. నాన్న కొట్టు ఉన్న బజారు ఆయన నలభై ఏళ్లు నడిచిన వీధి.

‘నాన్నా, మీరు రామాలయం దగ్గర నిలబడి గడియార స్తంభం వైపు చూస్తున్నారనుకోండి. కొట్లన్నీ వరసగా చెప్పండి’ అన్నాను. కళ్లు మూసుకున్నారు. బంగారం కొట్టు, పుస్తకాల షాపు, పిండిమర, కిరాణా కొట్టు, మందుల షాపు. అన్నీ కుడివైపువే. ‘ఇంకా?’ అన్నాను. ‘అంతే కదమ్మా, చిన్న బజారే’ అన్నారు.

కాసేపు మంచినీళ్లు ఇచ్చి, ఇంకేవో కబుర్లు చెప్పి, ‘ఇప్పుడు స్తంభం దగ్గర నుంచి గుడి వైపు వస్తున్నారు, చెప్పండి’ అన్నాను. గొంతులో హుషారు వచ్చింది. సైకిళ్ల షాపు, గాజుల కొట్టు, కాఫీ హోటలు, దారాల దుకాణం, చివర్న ‘మన కొట్టు’.

మొదటిసారి తన కొట్టే చెప్పలేదు. గుడి వైపు నుంచి చూస్తే అది ఎడమ పక్క మొదటిది.

వేపచెట్టు నీడ | బుధవారం, రాత్రి 10:15

అమ్మా, నేను ఒప్పుకుంటున్నాను. కంటి జబ్బు అని తేల్చేసినందుకు మన్నించు. మా బావగారు ఇరవై ఏళ్ల కిందట ఇలాగే కుడివైపుకే తిరిగి పడుకుని, ఎడమవైపు కూర్చున్న మా అక్కను పలకరించేవారు కాదు. అలిగారనుకున్నాం. అక్క కూడా అలాగే అనుకుని, ఆయన పోయేదాకా మనసులో పెట్టుకుని కుమిలింది. ఆమెకు ఇప్పుడు 80 ఏళ్లు. రేపు వెళ్లి ఈ సంగతి చెబుతాను.

చేతిపని | గురువారం, ఉదయం 6:40

ఆక్యుపేషనల్ థెరపిస్టును. పక్షవాతం వచ్చినవాళ్లకు తిండి, బట్టలు, స్నానం మళ్లీ నేర్పడమే నా పని. ఇన్నేళ్లలో నేను గ్రహించింది చెబుతాను. ఎడమ ఎరుక లేని రోగికి చెయ్యి బలం తిరిగి వచ్చినా పనికి రాదు, ఆ చెయ్యి ఉందన్న గుర్తు లేకపోతే. వ్యాయామంతో పాటు ఇది కూడా మొదటి రోజు నుంచే చూసుకోవాలి.

కంచం తిప్పడం ఆకలి తీర్చడానికి మంచిదే, కానీ రోజూ మీరే తిప్పితే ఆయన వెతకడం నేర్చుకోరు. కంచం ఎడమ అంచుకు, లేదా బల్ల గుడ్డ ఎడమ అంచుకు ఎర్రటి పట్టీ ఒకటి పెట్టండి. తినబోయే ముందు ‘ఎర్రంచు దొరికిందా?’ అని అడగండి. అది దొరికేదాకా తల తిప్పనివ్వండి. పేపరు చదివేటప్పుడు ప్రతి వరసకూ అంతే: ఎడమ అంచున ఎర్ర గీత, అది కనిపించాకే చదవడం. మన లిపి ఎడమ నుంచి మొదలవుతుంది, అందుకే మాటల తలలు తెగిపోతున్నాయి. తెలుగులో కాదు, లేదు అనే అర్థాన్నిచ్చే అ, అన్ లాంటివి మాట ముందే ఉంటాయి కనుక అర్థమే తారుమారవుతుంది. మందుల చీటీలు మాత్రం ఆయన్ను ఒంటరిగా చదవనివ్వకండి. ‘150’లో ఒకటి పోతే మిగిలేది 50.

ఎడమ చేతిని ఎంత కొద్దిగా కదిలించగలిగినా సరే, పని చేసేటప్పుడు కదిలించమనండి. వేలు బల్ల మీద తట్టడం చాలు. ఎడమ చెయ్యి ఎడమ పక్క కదిలితే ఆ పక్కకు ధ్యాస పెరుగుతుందని రాబర్ట్‌సన్ అనే ఆయన 1990లలో చూపించారు. పని మొదలుపెట్టే ముందు చప్పట్లు కొట్టి, పేరు పెట్టి పిలిచి లేపినట్టు చేయడం కూడా కాసేపు పనిచేస్తుంది. నిద్రమత్తులో ఉన్న మెదడు ఎడమను ముందు వదిలేస్తుంది.

మంచం సంగతి అడుగుతారని ముందే చెబుతున్నాను. ఎప్పుడూ ఎడమవైపు నుంచే పలకరించాలని కొందరు పట్టుబడతారు. నేను మొదటి వారాల్లో అలా చేయను. రోజంతా ఎవరో కనిపించని చోటు నుంచి మాట్లాడుతుంటే మనిషి భయపడతాడు. ఎదురుగా కూర్చోండి, మాట కలిశాక మెల్లగా ఎడమకు జరగండి, ఆయన చూపును వెంట తీసుకుపోండి.

నాడి చూసే చెయ్యి | గురువారం, మధ్యాహ్నం 2:30

చాలా మంచి సలహాలు. ప్రిజం కళ్లద్దాల గురించి కూడా మీరు చెబితే బాగుండేది. 1998లో ఫ్రాన్సులో రొసెట్టి బృందం చేశారు. చూసే దృశ్యాన్ని 10 డిగ్రీలు కుడికి జరిపే అద్దాలు పెట్టి, ఎదురుగా ఉన్న చుక్కను కొన్ని నిమిషాల పాటు వేలితో చూపించమన్నారు. మొదట వేలు గురి తప్పి కుడికి పోతుంది, మెదడు సరిదిద్దుకుంటుంది. అద్దాలు తీసేశాక ఆ సరిదిద్దుడు మిగిలి, చెయ్యీ ధ్యాసా రెండూ ఎడమకు మొగ్గాయి. ఆ మేలు రెండు గంటల దాకా నిలిచింది.

చేతిపని | గురువారం, రాత్రి 8:15

డాక్టరు గారూ, ఆ అద్దాలు నేను వాడి చూశాను. కొందరిలో గీత పరీక్ష బాగుపడింది, కానీ అన్నం దగ్గర, బట్టల దగ్గర తేడా కనిపించలేదు. తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లోనూ ఫలితాలు ఒకేలా రాలేదు కదా. కాగితం మీద మార్కులు పెరగడం వేరు, చొక్కా ఎడమ చేతికి తొడుక్కోవడం వేరు. నేను రెండోదాన్నే నమ్ముతాను. మీ దగ్గర ఆ అద్దాలు వాడే నిపుణులుంటే వాడించండి, కాదనను. ఎక్కడో దొరుకుతాయని వాటి కోసం అప్పు చేయొద్దు.

నాడి చూసే చెయ్యి | గురువారం, రాత్రి 8:50

ఒప్పుకుంటాను. పరీక్షల్లో నిలకడ లేదు.

ఇంకో హెచ్చరిక. ఎడమ చెవిలో చల్లటి నీళ్లు పోస్తే ఎడమ ఎరుక తిరిగి వస్తుందని వీడియోలు తిరుగుతున్నాయి. అది 1980లలో ఆసుపత్రిలో చేసిన ప్రయోగం. చెవిలోని తూకం చూసే అవయవం కదిలి, కాసేపు ఎరుక వస్తుంది, నిమిషాల్లో పోతుంది. వాంతులు, కళ్లు తిరగడం మాత్రం ఖాయం. కర్ణభేరికి చిల్లు ఉంటే ప్రమాదం కూడా. ఇంట్లో ఎవరూ చేయకండి.

జామచెట్టు | శుక్రవారం, ఉదయం 5:10

డల్లాస్ నుంచి రాస్తున్నాను. ఇది పక్షవాతంతోనే రానవసరం లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా వారికి 57 ఏట మొదలైంది. ఎదురుగా బల్ల మీదున్న కారు తాళాలు కనిపించేవి కావు, దూరంగా ఉన్న బోర్డు మాత్రం చదివేవారు. మెట్టు ఎంత కిందికుందో తెలియక తడుముకునేవారు. గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోయేది. రెండేళ్లలో మూడుసార్లు కళ్లద్దాలు మార్చారు. కళ్ల డాక్టరు ప్రతిసారీ కళ్లు బాగున్నాయనే అన్నారు. చివరికి మెదడు స్కాన్‌లో రెండువైపులా పెరైటల్, వెనుక భాగాలు కుంచించుకుపోయి కనిపించాయి. అల్జీమర్స్‌లోనే ఒక రకమట, మరుపుతో కాకుండా ఇలా మొదలవుతుంది. 1988లో బెన్సన్ అనే ఆయన దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. అల్జీమర్స్ అంటే మరుపే అనుకున్నాం కనుక మాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయనకు పెళ్లినాటి ముచ్చట్లతో సహా అన్నీ గుర్తున్నాయి మరి. పెద్ద బొమ్మ చూపిస్తే చెట్టు అంటారు, ఇల్లు అంటారు, ఒక్కొక్కటే చెబుతారు. మొత్తం కలిపి ఊరి బొమ్మ అని చెప్పలేరు.

యాభై, అరవై ఏళ్ల మధ్యవాళ్లు ఎవరైనా ‘కళ్లు బాగానే ఉన్నాయంటున్నారు, నాకు మాత్రం కనిపించడం లేదు’ అంటే, న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మాకు పోయిన ఆ రెండేళ్లు మీకు పోకూడదు.

లెక్కల మాస్టారి ఇల్లాలు | శుక్రవారం, ఉదయం 11:20

మా వారిది ఎడమ పెరైటల్. లెక్కలు చెప్పి చెప్పి ఎన్నో తరాల పిల్లల్ని గట్టెక్కించిన మనిషి, పదిహేడులోంచి తొమ్మిది తీయలేకపోయారు. ‘ఉంగరం వేలు చూపించండి’ అంటే తెలియలేదు. సంతకం రాలేదు. కుడి చెయ్యి ఏదంటే తడబడ్డారు. ఇవి నాలుగూ కలిసి వస్తే దానికి గెర్‌స్ట్‌మన్ అనే వైద్యుడి పేరు పెట్టారట. వేళ్లు గుర్తుపట్టడానికీ లెక్కకూ పొంతన ఏమిటని మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత అనిపించింది, మనమందరం వేళ్ల మీదే కదా లెక్క నేర్చుకున్నాం. ఇది నా ఊహ మాత్రమే.

దర్జీ గారమ్మాయి | శనివారం, రాత్రి 7:30

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు ప్రశ్నలు. లోపలెక్కడో ఆయనకు ఎడమవైపు తెలుస్తుంటుందా? రెండోది, మా పెదనాన్న ఒక ఊళ్లో పక్షవాతానికి నాటుమందు పోస్తారు, మూడు ఆదివారాలు తీసుకెళ్దాం, ఇంగ్లీషు మందులు ఆపాలట అంటున్నారు. పెద్దవారు, కాదనలేకపోతున్నాను.

నాడి చూసే చెయ్యి | శనివారం, రాత్రి 10:40

ముందు రెండోది. మందులు ఒక్క రోజు కూడా ఆపకండి. రక్తం పలుచన చేసే మాత్ర, బీపీ మాత్ర, కొవ్వు మాత్ర ఇప్పుడు ఆయన్ను మళ్లీ పక్షవాతం రాకుండా కాపాడుతున్నాయి. మొదటిసారి వచ్చాక తొలి నెలల్లోనే రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. పెదనాన్నగారికి ‘డాక్టరు ఒట్టు పెట్టించుకున్నారు’ అని నా మీద పెట్టి చెప్పండి.

ఇది చదివే మిగతావారికి కూడా ఒక మాట. కుడి మెదడు పక్షవాతం వచ్చినవాళ్లు ‘నాకేమీ కాలేదు, పడుకోనివ్వండి’ అంటారు. మాట స్పష్టంగా ఉంటుంది కనుక ఇంటివాళ్లు నమ్మేస్తారు. ఆసుపత్రిలో తీవ్రత కొలిచే పట్టికలో కూడా మాటకు సంబంధించిన లోపాలకు 7 మార్కులు, ఎడమ ఎరుక లోపానికి 2 మాత్రమే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. రోగి మాట వినకండి, ముఖం వంకర పోయిందా, చెయ్యి జారుతోందా చూసి వెంటనే 108కి ఫోను చేయండి.

మొదటి ప్రశ్నకు. 1988లో మార్షల్, హాలిగన్ అనే పరిశోధకులు ఎడమ ఎరుక పోయిన ఒక స్త్రీకి రెండు ఇళ్ల బొమ్మలు చూపించారు. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదానికి మాత్రం ఎడమ పక్క మంటలు. రెండూ ఒకటేనంది. ‘ఏ ఇంట్లో ఉంటారు?’ అంటే, పిచ్చి ప్రశ్న అంటూనే ఎక్కువసార్లు మంటలు లేని ఇంటినే చూపించింది. తర్వాత ఇటలీలో మళ్లీ చేస్తే అందరిలో అలా రాలేదు, మంటల ఇంటినే ఎంచుకున్నవారూ ఉన్నారు. కనుక కొంత కబురు లోపలికి చేరుతుంది, ఎరుక దాకా రాదు అనుకోవచ్చు. మీరు ఎడమవైపు కూర్చుని చెయ్యి పట్టుకుంటే అది వృథా పోదని నేను నమ్ముతాను.

దర్జీ గారమ్మాయి | అయిదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:00

చాలా రోజులైంది. నాటుమందుకు వెళ్లలేదు. మందులు ఆపలేదు.

ఎర్ర పట్టీ సంగతి చెప్పగానే అమ్మ నాన్న మిషను దుమ్ము దులిపి, బల్ల గుడ్డకు ఎడమ అంచున రెండు అంగుళాల ఎర్ర బట్ట వేసి కుట్టింది. నాన్నను కుర్చీలో పక్కనే కూర్చోబెట్టాం. సగం కుట్టాక నాన్న తల మెల్లగా తిప్పి, ‘కుట్టు వంకర పోతోంది, విప్పు’ అన్నారు. ఆ కుట్టు ఆయనకు ఎడమ పక్కే ఉంది. అమ్మ మిషను ఆపేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత విప్పి మళ్లీ కుట్టింది.

గీత పరీక్షలో గుర్తు ఇప్పుడు ఏడు అంగుళాల దగ్గర పడుతోంది. ‘ఎర్రంచు దొరికిందా?’ అంటే ఉదయం పూట ఒకసారి అడిగితే చాలు, తనే వెతుక్కుని కూర తింటున్నారు. ఎడమ చెంప మాత్రం ఇంకా సగమే గీసుకుంటున్నారు. రాత్రి భోజనానికి వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగుసార్లు అడిగినా అంచు దొరకదు. ఇది వెనక్కి పోవడమా?

చేతిపని | ఆదివారం, రాత్రి 8:25

వెనక్కి పోవడం కాదమ్మా, అలసట. సాయంత్రానికి ధ్యాస ఖర్చయిపోతుంది. గడ్డం, చదువు, చొక్కా అన్నీ ఉదయం పదిలోపు పెట్టుకోండి. మధ్యాహ్నం ఒక గంట పడుకోనివ్వండి. రాత్రి భోజనం నేర్పే వేళ కాదు, అప్పుడు కంచం మీరే తిప్పండి. చెంపకు అద్దం ఎడమ అంచున కూడా ఒక ఎర్ర పట్టీ అంటించి చూసి, వారం తర్వాత ఎలా ఉందో రాయండి.